మత్తుకు దూరంగా ఉండడం పిల్లలకు ఇంద్రజాలంతో నేర్పడం ఎలా

బడిలో మత్తుపదార్థాల మీద అవగాహన కార్యక్రమం అనగానే మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. జూన్ 26న, అంటే మాదకద్రవ్యాల వ్యతిరేక దినోత్సవం నాడు, అన్ని తరగతుల పిల్లలనూ ఒకేచోట కూర్చోబెట్టి, అతిథి చేత ఉపన్యాసం ఇప్పించి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటోలు తీసుకుని ముగించేస్తాం. ఆ ఉపన్యాసానికి బదులు మ్యాజిక్ షో పెడితే పిల్లలు సంతోషిస్తారనడంలో సందేహం లేదు. అయితే పిల్లలకు నచ్చినంత మాత్రాన వాళ్లు నేర్చుకున్నట్టు కాదు. గంటసేపు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిన పిల్లవాడి మనసులో పావురం మిగిలి, పాఠం మిగలకపోతే ఆ శ్రమంతా వృథా. బడిలో ఇలాంటి ప్రదర్శన పెట్టాలనుకునే ఉపాధ్యాయులు, ఇంద్రజాలికులు, ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఏ అంశాలు ఎంచుకోవాలో, వేటిని వదిలేయాలో, ప్రదర్శన తర్వాత ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. భయపెట్టడం పనిచేయదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణాల ప్రకారం, కేవలం సమాచారం చెప్పి వదిలేసే పాఠాలు, ముఖ్యంగా భయం పుట్టించే పాఠాలు, ఫలితం ఇవ్వవు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ అనే మత్తు నివారణ కార్యక్రమంలో పోలీసు అధికారులు తరగతి గదులకు వచ్చి పాఠాలు చెప్పేవారు. అది దేశమంతటా విస్తరించింది గానీ, 1990లలో జరిపిన పరిశీలనల్లో దానివల్ల పిల్లల అలవాట్లలో నిలకడైన మార్పు కనిపించలేదు. అందువల్ల పుర్రె బొమ్మలు, కుళ్లిన ఊపిరితిత్తుల చిత్రాలు, ‘ఒక్కసారి ముట్టుకుంటే చచ్చిపోతారు’ అనే మాటలు మీ ప్రదర్శనలో ఉండకూడదు. పదో తరగతి కుర్రవాడికి గుట్కా నమిలే అన్నయ్యో, బాబాయో కళ్ల ముందు తిరుగుతూ కనిపిస్తుంటాడు. ఆ మనిషి చచ్చిపోలేదని తెలిసిన క్షణం నుంచి వాడు మీరు చెప్పే మిగతా మాటలు కూడా నమ్మడు.

మరి ఇంద్రజాలం చేయగలిగిందేమిటి? తాను ఎలా మోసపోతున్నాడో పిల్లవాడికి ఏ హానీ జరగకుండా అనుభవంలోకి తెచ్చే శక్తి దానికి ఉంది. మత్తు అలవాటు ఎక్కువగా మొదలయ్యేది అపరిచితుడి బలవంతంతో కాదు; పక్కనున్న స్నేహితుడి నవ్వుతో, చనువుతో, ‘ఏం కాదులేరా’ అనే మాటతో మొదలవుతుంది. దృష్టి మళ్లించడం, ఎంపిక మనదేనని భ్రమింపజేయడం, అందరూ ఇదే చేస్తున్నారని నమ్మించడం, ఈ మూడూ ఇంద్రజాలికుడి చేతిలోని పనిముట్లే. వాటిని చేసి చూపి, ఆ తర్వాత గుట్టు విప్పి చెప్పడమే మన పని. ఈ పద్ధతి మనకు కొత్తది కూడా కాదు. సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో నిమ్మకాయ కోసి నెత్తురు కారుతున్నట్టు చూపి, వెంటనే దాని వెనకున్న రసాయన చర్యను వివరించి మూఢనమ్మకాలను పోగొట్టే ప్రయత్నం చేశారు. మనస్తత్వ శాస్త్రాన్నీ ఇంద్రజాలాన్నీ ఒకే వేదిక మీదికి తెచ్చిన బి.వి. పట్టాభిరామ్ గారు తెలుగువారికి బాగా తెలిసినవారే. ఆ దారినే మత్తు విషయానికి మళ్లించుకోవాలి.

వదిలేయవలసిన అంశాలు

ఇలాంటి ప్రదర్శనల్లో తరచుగా కనిపించేది, సిగరెట్టును గుడ్డతో కప్పి మంత్రదండం ఊపగానే అది గులాబీ పువ్వుగా మారిపోవడం. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, అందులో సమస్యను తీర్చింది ఇంద్రజాలికుడు, పిల్లవాడు కాదు. రేపు వాడి చేతికి ఎవరైనా సిగరెట్టు ఇచ్చినప్పుడు పక్కన మంత్రదండం ఉండదు. చింపిన కాగితాన్ని తిరిగి అతికినట్టు చూపించే అంశం ఇంకా ప్రమాదకరం. ఎంత చిరిగినా మళ్లీ మామూలైపోతుందనే సందేశం మీరు నోటితో ఏం చెప్పినా సరే పిల్లల కళ్లలోకి వెళ్లిపోతుంది. వేదిక మీద నిజమైన సిగరెట్టు, బీరు సీసా, తెల్లటి పొడి, సిరంజి వాడవద్దు. గాలిలోంచి వెలిగించిన సిగరెట్టు తీసే విద్య మీకు ఎంత బాగా వచ్చినా ఇక్కడ దాన్ని ప్రదర్శించకూడదు, ఎందుకంటే ఆ కొద్దిసేపు అది పిల్లల కళ్లకు గొప్పగా కనిపిస్తుంది.

ఒక అంశాన్ని ఎంచుకునే ముందు అందులోని మాటలన్నీ తీసేసి, కేవలం చేతులు చేసిన పని ఏం చెబుతోందో చూడండి. అది మీ పాఠానికి ఎదురు చెబుతుంటే ఎంత ఆకర్షణీయంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

చిన్నపిల్లలకు మూడు గ్లాసులు

మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు మత్తుపదార్థాల పేర్లు చెప్పవలసిన అవసరం లేదు. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివాటిని ఎలా వాడతారో వివరించడం పూర్తిగా తప్పు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో, వాసన పీల్చే పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉంటే 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.7 శాతం ఉందని తేలింది. తెలియని పిల్లవాడికి మనమే దారి చూపినట్టు కాకూడదు. ఈ వయసుకు ఒక్క నియమం చాలు: ఇంట్లో పెద్దవాళ్లకో, టీచర్‌కో తెలియకుండా ఎవరేం ఇచ్చినా నోట్లో పెట్టుకోకూడదు.

దీనికి పసుపు, సున్నం సరిపోతాయి. ఆ రెండూ కలిస్తే ఎరుపెక్కుతాయని దిష్టినీళ్లు కలిపిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. ముందురోజు రాత్రి కొద్దిగా సున్నం నీళ్లలో కలిపి కదపకుండా ఉంచితే, తెల్లారేసరికి పైన తేట నిలుస్తుంది. ఆ తేటను కదలకుండా ఒక పారదర్శకమైన గ్లాసులోకి వంపుకోండి. అలాంటివే మరో రెండు గ్లాసుల్లో మామూలు మంచినీళ్లు పోయండి. మూడూ చూడటానికి ఒక్కలాగే ఉండాలి కాబట్టి, సున్నపు తేట మసకగా ఉంటే పలుచటి గుడ్డలో వడకట్టండి. ఇవి తాగే నీళ్లు కావని, ఎవరూ ముట్టుకోకూడదని మొదటే చెప్పి, ‘వీటిలో ఒకటి మాత్రం మంచిది కాదు, ఏదో చెప్పండి’ అని అడగండి. పిల్లలు ముందుకు వంగి, కళ్లు చికిలించి, తలా ఒక గ్లాసు పేరు చెబుతారు. వాదించుకోనివ్వండి. ఆ తర్వాత మూడింటిలోనూ ఒక్కో చెంచా పసుపు నీళ్లు నెమ్మదిగా వేయండి. రెండు గ్లాసులు పసుపుగానే ఉంటాయి; మూడోది క్షణంలో ఎర్రబడుతుంది. అప్పుడు వచ్చే నిశ్శబ్దంలోనే మీరు చెప్పదలచుకున్నది చెప్పాలి: ‘మీ అందరి కళ్లూ మంచివే. అయినా చూసి చెప్పలేకపోయారు. నేనూ చూసి చెప్పలేను. అందుకే ఎవరైనా ఏదైనా తినమని ఇస్తే, ముందు అమ్మకో నాన్నకో చూపించాలి.’

హైదరాబాద్ పరిసరాల్లో గంజాయి కలిపిన చాక్లెట్లు పట్టుబడిన సంగతి పెద్దలకు తెలిసిందే. రంగు కాగితం చుట్టిన చాక్లెట్టు కూడా ఈ మూడు గ్లాసుల వంటిదేనని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. గంజాయి ప్రస్తావన తేకుండానే ఆ మాట చెప్పవచ్చు. ఇంట్లో ఉండే మాత్రలు, దగ్గు మందులు కూడా పెద్దలు ఇస్తేనే వేసుకోవాలన్న మాటను ఇక్కడే కలపండి. ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎర్రబడిన నీళ్లలో నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగు వస్తుంది. చాలామందికి అది కూడా చేసి చూపాలని ఉబలాటంగా ఉంటుంది. చేయకండి. అది చింపిన కాగితం అతికించినట్టే అవుతుంది. సున్నపు తేట కళ్లలో పడితే మంట పుడుతుంది కాబట్టి బల్ల పిల్లలకు దూరంగా ఉండాలి, ఆట అయిపోగానే గ్లాసులను మీరే తీసేయాలి.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రూపాయి బిళ్ల

ఈ వయసు పిల్లలు గుట్టు తెలుసుకోవాలని తహతహలాడతారు. ఆ ఆసక్తినే వాడుకోవాలి. రూపాయి బిళ్లను ఎడమ చేతి బొటనవేలికీ మొదటి రెండు వేళ్లకీ మధ్య అంచులతో పట్టుకోండి. కుడి చేత్తో దాన్ని తీసుకుంటున్నట్టు ముందుకు తెచ్చి, కుడి బొటనవేలు బిళ్ల కిందికి, మిగతా వేళ్లు బిళ్ల ముందుకు వచ్చేలా కప్పండి. బిళ్ల కనబడకుండా పోయిన ఆ క్షణంలో ఎడమ బొటనవేలు సడలిస్తే అది ఎడమ అరచేతిలోకి జారుతుంది. కుడి చెయ్యి మాత్రం బిళ్లను పట్టుకున్నట్టే మూసుకుని పక్కకు వెళ్లాలి. అసలు విద్య చేతుల్లో లేదు, కళ్లలో ఉంది. మీరు కుడి పిడికిలి వైపే చూడాలి, దాని గురించే మాట్లాడాలి, దాని మీదే ఊదాలి. ఎడమ చెయ్యి ఏమీ ఎరగనట్టు పక్కకు వాలిపోవాలి. అద్దం ముందు కొన్ని వారాలు సాధన చేయకుండా దీన్ని పిల్లల ముందు చేయవద్దు. వాళ్లు మొదటి వరుసలోనే పట్టేస్తారు.

రెండుసార్లు చేసి చూపాక, గుట్టు విప్పండి. ఇంద్రజాలికులు రహస్యాలు బయటపెట్టకూడదన్నది ఆ వృత్తిలో గౌరవించవలసిన కట్టుబాటే గానీ, ఇది ఎందరికో తెలిసిన ప్రాథమిక విద్య. పిల్లల మేలు కోసం ఈ ఒక్కటి చెప్పడంలో తప్పు లేదని నా అభిప్రాయం. నెమ్మదిగా మళ్లీ చేస్తూ, ‘ఈసారి నా ముఖం చూడకండి, నా ఎడమ చెయ్యినే చూడండి’ అనండి. బిళ్ల జారడం అందరికీ కనిపిస్తుంది. అప్పుడు అడగండి: ‘ఇందాక ఎందుకు కనబడలేదు?’ ‘మీరు అటు చూశారు కాబట్టి మేమూ అటు చూశాం’ అని వాళ్లే చెబుతారు. ఇక్కడి నుంచి పాఠం సులువవుతుంది. ‘ఒక్కసారికి ఏం కాదు’, ‘భయమా నీకు?’, ‘మగాడివి కాదా?’, ‘నేను నీ ఫ్రెండ్‌ని కదా’ వంటి మాటలను బోర్డు మీద రాసి, ఒక్కో మాట మన చూపును ఎటు తిప్పుతోందో, ఆ సమయంలో మనం చూడకుండా పోతున్నది ఏమిటో పిల్లల చేతే చెప్పించండి. ‘భయమా నీకు?’ అన్నప్పుడు మన చూపు మన పరువు మీదికి పోతుంది. అవతలివాడి చేతిలో ఏముందో చూడటం మానేస్తాం. సాధారణంగా ఎవరో ఒక పిల్లవాడే ఈ మాట అందుకుంటాడు. అందుకోకపోతే మీరు చెప్పండి, కానీ ముందు వాళ్లకు అవకాశం ఇవ్వండి.

తొమ్మిది, పది తరగతులకు ఎంపిక ఆట

నా దృష్టిలో మొత్తం ప్రదర్శనకు ఇదే గుండెకాయ. ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో మూడు అట్టముక్కలు తీసుకోండి. ‘నువ్వు ఎంచుకునేది పసుపు’ అని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ముందే ఉపాధ్యాయుడి చేతికి ఇవ్వండి. ఒక విద్యార్థిని పిలిచి, ఏవైనా రెండు అట్టలు చూపించమనండి. చూపించిన రెండింటిలో పసుపు లేకపోతే, ‘సరే, ఆ రెండూ తీసేద్దాం’ అనండి, పసుపే మిగులుతుంది. రెండింటిలో పసుపు ఉంటే, ‘సరే, ఆ రెండూ ఉంచుకుందాం’ అని మూడోదాన్ని తీసేయండి. ఆ రెండూ చేతిలోకి తీసుకుని ఒకటి మీకు ఇమ్మనండి. పసుపు ఇస్తే, ‘నువ్వు ఎంచి నాకిచ్చింది ఇదీ’ అనండి. రెండోది ఇస్తే దాన్ని పక్కన పెట్టి, ‘నీ కోసం నువ్వు ఉంచుకున్నది పసుపు’ అనండి. కవరు విప్పించి చదివించండి. ఎటు పోయినా మీరు రాసిందే వస్తుంది. తటపటాయించకుండా, ప్రతి దారిలోనూ ఒకే సహజమైన గొంతుతో మాట్లాడటమే ఇందులో నేర్చుకోవలసింది. ఒకే తరగతిలో దీన్ని ఒక్కసారే చేయాలి. రెండోసారి మరో దారిలో వెళితే తెలివైన పిల్లలు వెంటనే పసిగడతారు.

ఆ విద్యార్థిని అడగండి: ‘ఎవరైనా నిన్ను బలవంతం చేశారా?’ లేదంటాడు. అప్పుడు అన్ని దారులూ బోర్డు మీద గీసి చూపండి. మాట అడిగింది మీరు, దానికి అర్థం చెప్పింది మీరు, పిల్లవాడు మాత్రం తానే నిర్ణయించుకున్నానని అనుకున్నాడు. పుట్టినరోజు పార్టీలో ‘బీరు తాగుతావా, బ్రీజరా?’ అని అడిగేవాడు కూడా ఇదే చేస్తున్నాడు. బ్రీజర్ కూడా మద్యమే. ప్రశ్న వాడిది, రెండు జవాబులూ వాడివే. ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా గెలిచేది వాడే. పిల్లలకు నేర్పవలసింది రెండింటిలో మంచిది ఏదో తేల్చుకోవడం కాదు, ప్రశ్ననే పక్కన పెట్టి అట్టలు బల్ల మీద వదిలేసి తిరిగి వచ్చి కూర్చోవడం. ఇది నోటితో చెప్పి వదిలేయకండి. మరో విద్యార్థిని పిలిచి, మీరు అట్టలు చూపించి ఎంత అడిగినా ‘నాకు ఈ ఆట వద్దు సార్’ అని వెళ్లి కూర్చోమని ముందే చెప్పి, నిజంగా చేయించండి. తరగతి అంతా చూస్తుండగా ఇంద్రజాలికుడు ఏమీ చేయలేక నిలబడిపోవడం వాళ్లకు గుర్తుండిపోతుంది.

దీనికి తోడుగా మరో కవరు ఉంచుకోవచ్చు. మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులు వందమందిలో ఎంతమంది పొగాకు వాడటం లేదో ఒక అంకె రాయమని చీటీలు పంచండి. చాలామంది తక్కువ అంకెలే రాస్తారు. 2019 నాటి ప్రపంచ యువత పొగాకు సర్వేలో, ఆ వయసు భారతీయ విద్యార్థుల్లో పొగాకు వాడుతున్నవారు 8.5 శాతమని తేలింది. అంటే వందలో 91 మందికి పైగా వాడటం లేదు. కవరులోంచి ఆ 91 బయటికి వస్తే, ‘అందరూ చేస్తున్నారు’ అనే మాట ఎంత బూటకమో వేరే చెప్పనక్కరలేదు. అయితే ‘మీలో ఎవరు వాడుతున్నారు?’ అని చీటీల మీద కూడా అడగవద్దు. చిన్న బడిలో చేతిరాత చూసి మనిషిని పట్టేస్తారు.

కాదనడం సాధన చేయించడం

ప్రదర్శన సమయంలో కనీసం మూడో వంతు దీనికి కేటాయించండి. ఇందులో ఇచ్చేవాడి వేషం ఎప్పుడూ మీరే వేయాలి, కాదనే వేషం పిల్లలకు ఇవ్వాలి. పిల్లవాడికి ఇచ్చేవాడి వేషం ఇస్తే ఒత్తిడి చేయడంలో మనమే శిక్షణ ఇచ్చినట్టవుతుంది. పైగా తరగతి నవ్వేది కూడా వాడి మాటలకే. పుస్తకాల భాషలో సమాధానాలు నేర్పవద్దు. ‘వద్దురా, నాకు పడదు’, ‘వద్దన్నాను కదా’, ‘ప్రాక్టీస్ ఉంది, వెళ్తున్నా’ వంటి మాటలు వాళ్ల నోటి నుంచే రావాలి. కారణం చెప్పి తీరాలన్న నియమం లేదని, ఒకే మాటను మూడుసార్లు చెప్పినా తప్పు లేదని, ఆ తర్వాత అక్కడ నిలబడవలసిన పని లేదని చెప్పండి. అమ్మాయిలకు ఎదురయ్యే ఒత్తిడి వేరుగా ఉంటుంది కాబట్టి, వాళ్ల సన్నివేశాలను మహిళా ఉపాధ్యాయులతో కలిసి ముందే రాసుకోవడం మంచిది.

బడిలో ఏర్పాట్లు

ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అన్ని తరగతులనూ ఒకేచోట కలపవద్దు. ఒక్కో ప్రదర్శనకు ఒకటి రెండు తరగతులు, ఒక పీరియడు సరిపోతాయి. రూపాయి బిళ్ల ఆటకు పిల్లలు పక్కల నుంచీ వెనక నుంచీ చూడకూడదు కాబట్టి, మీ వెనక గోడ ఉండేలా నిలబడండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురు ఎదురై మీ చేతులు కనిపించవు. ఉపాధ్యాయుడు చివరి వరకు గదిలోనే ఉండాలి. మీరు ఏ పిల్లవాడితోనూ విడిగా గదిలో ఉండకూడదు.

ప్రదర్శనకు ముందు బడి చుట్టూ ఒకసారి నడిచి చూడండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మడాన్ని 2003 నాటి పొగాకు చట్టం నిషేధిస్తోంది. పిల్లలకు పొగాకు, మద్యం, మాదకద్రవ్యాలు ఇచ్చినవారికి 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గేటు ఎదుట గుట్కా పొట్లాల దండలు వేలాడుతుంటే లోపల మీరు చేసే ఏ ఆటనూ పిల్లలు నమ్మరు. ఆ సంగతి ప్రధానోపాధ్యాయుల దృష్టికి తెచ్చి ఫిర్యాదు చేయించండి.

ఒక్క ప్రదర్శనతో పని పూర్తయిందని ఎవరూ అనుకోకూడదు. మీరు బోర్డు మీద రాసిన మాటలను ఉపాధ్యాయులు ఒక కాగితం మీద రాసుకుని, తర్వాతి వారాల్లో ఒక్కో పీరియడులో ఒక్కో సన్నివేశం చేయించాలి. ఆ కాగితం వాళ్లకు ఇచ్చాకే మీ సామాను సర్దుకోండి.

పిల్లలు దగ్గరికి వచ్చినప్పుడు

ఆట ముగిశాక కొందరు పిల్లలు బిళ్ల చూపించమని చుట్టూ మూగుతారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, ఒక అమ్మాయో అబ్బాయో నెమ్మదిగా వచ్చి, ‘సార్, మా నాన్న రోజూ తాగుతాడు, మీ మ్యాజిక్‌తో మానిపించగలరా?’ అని అడగవచ్చు. ఇలాంటి ప్రదర్శన చేయబోయే ప్రతివారూ ఈ ప్రశ్నకు ముందే సిద్ధపడి వెళ్లాలి. నవ్వి తప్పించుకోవద్దు, మానిపిస్తానని మాట ఇవ్వవద్దు, తండ్రిని తిట్టవద్దు. ‘మ్యాజిక్‌తో కుదరదమ్మా, కానీ సహాయం చేసేవాళ్లు ఉన్నారు. ఇందులో నీ తప్పేమీ లేదు’ అని చెప్పండి. ఎవరికీ చెప్పనని కూడా ఒట్టు వేయవద్దు; ఆ బిడ్డకు ఇంట్లో దెబ్బలు పడుతుంటే మీరు చెప్పి తీరవలసి ఉంటుంది. మీ ఇద్దరూ నమ్మే ఉపాధ్యాయురాలిని అక్కడికే పిలిచి, ఆమె సమక్షంలో పూర్తిగా వినండి. ఈ కారణం చేతనే ‘మీ ఇంట్లో ఎవరు తాగుతారో చేతులెత్తండి’ అని వేదిక మీద నుంచి ఎన్నడూ అడగకూడదు.

మత్తు అలవాటు మాన్పించేందుకు సలహా, చికిత్సా కేంద్రాల వివరాలు ఇచ్చే జాతీయ ఉచిత నంబరు 14446. మానసిక వేదనకు టెలీమానస్ 14416. పిల్లల రక్షణకు 1098. ఈ మూడింటినీ పెద్ద అక్షరాలతో రాసి, నీళ్ల కుళాయి దగ్గరో మెట్ల పక్కనో, పిల్లలు ఒంటరిగా నిలబడి చదువుకోగలిగే చోట అంటించమని బడివారిని కోరండి. ప్రధానోపాధ్యాయుల గదిలో అంటిస్తే వాటిని చదవడానికి ఏ పిల్లవాడూ లోపలికి వెళ్లడు.